పసుపు మేస్త్రీ కోసిన అంజూరాలు

మా నాన్నను బజారులో అందరూ పసుపు మేస్త్రీ అనేవారు. పచ్చి అరటి గెలల్ని గదిలో పెట్టి తలుపు మూశాడంటే, నాలుగో రోజుకు పసుపుపచ్చగా బయటికి తెచ్చేవాడు. ముప్పై రెండేళ్ళు ఆ మగ్గబెట్టే గదిలోనే పనిచేశాడు. తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూసి, ఇంకెన్ని గంటలు పడుతుందో చెప్పేవాడు. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. తప్పలేదు కాబట్టే ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా చదువు దాకా ఆయన మాటే చెల్లింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. లెక్కపెట్టే ధైర్యం అమ్మకూ నాకూ ఉండేది కాదు.

అమ్మకు సొంతమంటూ ఉన్నది ఒక్క చెట్టు. మేడ మీద, నీళ్ళ ట్యాంకు గోడ పక్కన, పాత రంగు డ్రమ్ములో పెంచిన అంజూర. పక్కింటి టీచరమ్మ ఇచ్చిన కొమ్మ అది. డ్రమ్ముకు అడుగున చిల్లులు కూడా అమ్మే పొడిచింది. మూడేళ్ళు ఒట్టి ఆకులే వేసింది. "ఆకులే తింటావా ఏమే?" అని నాన్న ఎగతాళి చేసేవాడు. నాలుగో ఏడు ఆరు కాయలు కాసింది. అదే నెలలో అమ్మ గొంతులో గడ్డ ఉందని తేలింది.

సోమవారం నుంచి రేడియేషన్ మొదలుపెట్టాలన్నాడు డాక్టరు. వారం ఆగలేమన్నాడు. "నోటికి రుచి పోతుందమ్మా. తర్వాత వస్తే రావచ్చు, చెప్పలేను" అన్నాడు.

గొంతు గురించి అమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇంటికొచ్చి మేడెక్కి కాయల్ని వేళ్ళతో నొక్కి చూసింది. "ఒక్కటైనా ఆదివారానికి పండితే బాగుణ్ణు" అంది. నేను కొట్లో పళ్ళు కొనుక్కొస్తే ముట్టలేదు. నాలుగేళ్ళు నీళ్ళు మోసింది వాటికోసం కాదంది.

"నాకొదిలెయ్. మూడు రోజుల్లో పండిస్తా" అన్నాడు నాన్న.

"ఇది అరటి కాదండీ. కోస్తే పండదట. మెత్తబడి మెడ వాల్చేదాకా చెట్టుమీదే ఉంచాలట, టీచరమ్మ చెప్పింది."

"టీచరమ్మ ఎన్ని గెలలు మగ్గబెట్టిందేం? చెట్టుకేం తెలుసు నీ తొందర? నాకు తెలుసు."

గురువారం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రేడియేషన్ ఇచ్చేటప్పుడు ముఖానికి బిగించే మాస్కుకు కొలత తీయించుకుని వచ్చేసరికి చెట్టు బోసిగా ఉంది. కాయల్ని కాగితంలో చుట్టి, పండిన అరటిపళ్ళ మధ్య పెట్టి, డబ్బా మూత బిగించేశాడు నాన్న. ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కానీ గంటకోసారి ఆ మూత దగ్గర ముక్కు పెట్టి కూర్చున్న మనిషిని ఏమని తిట్టను?

ఆదివారం మూత తీశాడు. కాయలు వడిలి, తోలు సంచుల్లా ముడుచుకుపోయాయి. అమ్మ ఒకటి కొరికింది. తొడిమ దగ్గరి పాలు తగిలి పెదవి మండింది. ఉమ్మేసి నోరు కడుక్కుంది.

"ఇంకొక్క రోజుంచుదాం" అన్నాడు నాన్న.

"నాకు లేదుగా ఇంకో రోజు" అంది అమ్మ.

ఆ తర్వాత ఆయన చెట్టుకు రెండు పూటలా నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకున్నాను. మూడో వారంలో ఓ ఉదయం గోడవైపు ఆకు కింద, కోసేటప్పుడు కంటబడకుండా మిగిలిపోయిన ఏడో కాయ దొరికింది. కాయ కాదు, పండు. ఊదారంగుకు తిరిగి, మెడ వాల్చి, అడుగున తేనె బొట్టు కట్టి ఉంది. దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని మెట్లు దిగాడు.

అప్పటికి అమ్మకు మంచినీళ్ళు కూడా మట్టిలా ఉండేవి. పండును మూడు ముక్కలు చేసింది. "ముందు మీరు తినండి. ఎలా ఉందో చెప్పండి" అంది.

నాన్న నోట్లో వేసుకున్నాడు.

"చప్పగా ఉందే. ఏమీ లేదు" అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. నేనూ తిన్నాను. అంత తియ్యటి పండు నేను అంతకుముందు తినలేదు, ఆ తర్వాతా తినలేదు. "అవునమ్మా, చప్పగానే ఉంది" అన్నాను.

తేనె అంటుకున్న నాన్న వేళ్ళను అమ్మ తన కొంగుతో తుడిచింది. మిగిలిన ముక్క తను తీసుకుని మెల్లగా నమిలింది.

"నిజమే, చప్పగానే ఉంది" అంది.

మా ముగ్గురిలో అబద్ధం చెప్పనిది ఆవిడొక్కతే.