తెర వెనక నుంచి చూసిన కౌబాయ్ సినిమాలు

మా చిన్నతనంలో భిలాయిలో శనివారం వస్తే... మరోదా మైదానంలో రెండు గడల మధ్య తెల్లగుడ్డ బిగించేవారు. ముందు కుర్చీలు ఆఫీసర్ల కుటుంబాలకు. వాటి వెనక జంపకానాలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తెరకు అటువైపు కూర్చోవాలి.

మా నాన్న ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు దిగి, ఒళ్ళు తోముకుని, అమ్మ మరచెంబు నింపుకుని బయల్దేరేసరికి మాకెప్పుడూ అటువైపే చోటు.

అక్కణ్ణుంచి బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. గుర్రమెక్కినవాళ్ళందరూ ఎడమ చేత్తో తుపాకీ తీసేవారు. కౌబాయ్ అంటే ఎడమచేతివాడేనని మా వీధి పిల్లలమంతా నమ్మాం. కర్రముక్కలు నడుముకు కట్టుకుని ఎడమ చేత్తో లాగడం నెలల తరబడి సాధన చేశాం.

సరళ చూసి నవ్వింది. రోలింగ్ మిల్లు ఇంజినీరు గారి అమ్మాయి. ముందు కుర్చీల మనిషి.

"ఏటిరా ఆ ఎడం చెయ్యి? అన్నం కూడా దాంతోనే తింతావా?"

పదిమందిలో అడిగింది. సినిమాలో అలాగే ఉందన్నాను. ఆ తరువాతి శనివారం కుర్చీ వదిలి, తెర వెనక మా జంపకానా మీదకొచ్చి కూర్చుని చూసింది. "నిజవేరా" అంది. ఇక ముందు కుర్చీల్లోకి పోలేదు.

ఏ సినిమా ఏ దేశానిదో ప్రొజెక్టరు నడిపే భయ్యా ముందే చెప్పేవాడు. అమెరికావాళ్ళు తీసినవాటిలో ఒక మర్యాద ఉండేది. ఎదుటివాడు తుపాకీ మీద చెయ్యి వేసేదాకా నాయకుడు ఆగేవాడు. వెనక నుంచి కాల్చేవాడు కాదు. ఊరికోసం నిలబడి, పని కాగానే వెళ్ళిపోయేవాడు.

ఇటలీవాళ్ళవి అలా కాదు... నాయకుడే దొంగ. గడ్డం గీసుకోడు. పెదాలొక మాటంటే చెవికి మరో మాట వినిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కళ్ళలోకి చూసుకుంటారు. నేను లేచి కుళాయి దాకా పోయి నీళ్ళు తాగి వచ్చినా ఇంకా చూసుకుంటూనే ఉండేవారు. సగం ఊరు చచ్చాక కూడా ఎందుకు చచ్చారో తెలియదు. ఆ ఎడారి కూడా అమెరికాది కాదట, స్పెయిన్‌ది.

సరళకు అవే ఇష్టం.

"నీ అమెరికావోడు రోజంతా దుమ్ములో గుర్రం మీద తిరుగుతాడు, కాలరు మాత్రం మల్లెపువ్వు. మీ నాన్న షిఫ్టు దిగొచ్చినప్పుడు మొహం ఎలాగుంటాదో చూసినావు కదా. ఆ మొహం ఈ ఇటలీవోడికుంది."

అయినా నేను ఒప్పుకోలేదు.

నేను చదువుకుని అదే ప్లాంటులో చేరాక నాకూ సరళకూ పెళ్ళయింది. నలుగురిలో 'మీరు' అనేది. ఈ వాదన వస్తే మాత్రం 'నువ్వు'. దాదాపు నలభై ఏళ్ళు... ఎవరం తగ్గలేదు.

పోయిన ఏడాది సరళను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం ఇటలీ సినిమా పెట్టమంది. పక్కన కూర్చుని మొత్తం చూశాను.

"బాగుందని ఒక్క మాట అను. ఈ ఒక్కసారికి."

డాక్టరు నాతో విడిగా చెప్పిన సంగతి ఆమెకు తెలియదు. ఒప్పుకుంటే తెలిసిపోతుంది.

"చెత్త" అన్నాను. "చిన్నప్పుడూ చెత్తే, ఇప్పుడూ చెత్తే."

నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"హమ్మయ్య. ఒప్పేసుకుంతావేమోనని బయ్యమేసింది నాకు."

ఆ నెలాఖరుకు పోయింది.

ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, ఆ సినిమాలు గొప్ప కళ అని ఎవరో ఒకరు రాస్తుంటారు. అమెరికావి పిల్లల బొమ్మలాటలట. రాసేవాళ్ళలో సగం మంది ఒక్కటి కూడా చివరిదాకా చూసి ఉండరు. ఎవరి ఫోను వారిది, ఎవరి మెచ్చుకోలు వారిది... పక్కన కూర్చున్నవాళ్ళతో పోట్లాడాల్సిన అవసరమే లేకుండా పోయింది.

మీలో ఎవరైనా ఆ ఇటలీ సినిమాలను మనస్ఫూర్తిగా ఇష్టపడి ఉంటే, ఎక్కడ చూశారో, ఎవరితో చూశారో రాయండి. నేను చెప్పింది తప్పని గట్టిగా రాయండి...

నేను ఒప్పుకోను. అయినా రాయండి.