ఆరు నెలల నివాసం

మా అత్తవారిది గుడి కైంకర్యం చేసే ఇల్లు. బొబ్బిలికి కొంచెం ఎగువన, ఏటి ఒడ్డున ఉన్న చిన్న పట్నం. పురాణం చెప్పే తండ్రి ఇంట్లో పుట్టి పెరిగిన నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. అరవయ్యో దశకం చివరి రోజులు. మాకింకా పిల్లలు కలగలేదు. శనివారం వస్తే ఆడవాళ్ళ భజన ఉండేది. వారానికో ఇంట్లో కూర్చునేవాళ్ళం. ఎవరింట భజన అయితే వాళ్ళు పులిహోరో గుగ్గిళ్ళో చేసి స్వామికి నివేదించాలి. ఆ ప్రసాదాన్ని విస్తరాకు ముక్కల్లో పొట్లాలు కట్టే పని మా అత్తగారిది.

ఆ పొట్లాలకు ఒక పద్ధతి ఉండేది. వచ్చిన మనిషికి ఒక పొట్లం అని కాదు, ఆమె ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని. ఊరెళ్ళినవాళ్ళకూ, మంచం పట్టినవాళ్ళకూ, ఉయ్యాల్లో పిల్లకూ వాటా ఉండాల్సిందే. "సామికాడికి రానివాళ్ళు ఎవరూ లేరే. రాలేనివాళ్ళుంటారు, అంతే" అనేవారు అత్తగారు. ఆవిడకు చదువు రాదు. కాని భజనకు వచ్చే ముప్పై ఇళ్ళలో ఎవరింట ఎందరున్నారో, ఏ కోడలు పుట్టింటికి వెళ్ళిందో, ఏ మేనల్లుడు వచ్చి దిగాడో అంతా ఆవిడ నోట్లోనే ఉండేది.

మా వీధికి కూరలు తెచ్చే ఆవిడ ఏటి అవతలి పల్లె మనిషి. మోకాటి లోతు నీళ్ళు దాటి గంపతో వచ్చేది. శనివారం నాడు గంప అరుగు మీద దించి, భజన అయ్యేదాకా గుమ్మం బయటే కూర్చునేది. పక్కన పదకొండేళ్ళ కూతురు. మా భజనలో సగం మందికి అక్షరం రాదు కాబట్టి పాటలు రాసుకున్న పుస్తకం చూసి నేనే ముందు చదివి చెప్పేదాన్ని. ఒక శనివారం నాకు గొంతు పట్టేసింది. ఆ పిల్ల గుమ్మం బయటి నుంచే చెయ్యి చాపి పుస్తకం అందుకుని చదివింది. నేను తడబడే చోట కూడా అది ఆగలేదు. తల్లి గంప సర్దుకుంటూ నవ్వింది.

"దీనికదొక్కటే పిచ్చి అమ్మగోరూ. సబ్బుకి సుట్టిన కాయితం కూడా ఒగ్గదు, సదివీస్తాది."

ఆ పిల్లకు ఐదో తరగతి అయిపోయింది. పల్లెలో బడి అంతటితో సరి. మా పట్నం హైస్కూలు వాళ్ళింటికి మైలు దూరం. గాలి ఇటు నుంచి వీస్తే బడి గంట వాళ్ళ పల్లెలో వినిపించేదట. కాని ఏరే హద్దు. అవతలి ఊళ్ళు వేరే తాలూకా. వాళ్ళకని చెప్పిన హైస్కూలు తొమ్మిది మైళ్ళ దూరాన ఉంది. బస్సు లేదు. ఆ పల్లె నుంచి అక్కడికి వెళ్ళి చదివిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతీ లేదు.

మా హైస్కూల్లో ఆరో తరగతికి పరీక్ష పెట్టి తీసుకునేవారు. పరీక్ష రాయాలంటే పిల్ల ఆరు నెలలుగా పట్నం హద్దులో ఉంటున్నట్టు ఒక ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. సీట్లు మిగిలితేనే బయటి పిల్లల మాట. మిగలడం ఎవరూ చూడలేదు.

జూన్ మొదట్లో కూరలావిడ నన్ను పక్కకు పిలిచింది.

"మా గుంట మీ ఇంట్లో ఉంటన్నాదని ఒక్క సంతకం ఎట్టీండమ్మగోరూ. అందరూ అలాగే సేస్తన్నారంట."

"లేని పిల్లను ఉందని ఎలా రాయను?" అన్నాను. సత్యం తప్పిన వాళ్ళ గతి ఏమవుతుందో మా నాన్నగారి నోట వింటూ పెరిగినదాన్ని. ఆమె ముఖం వాడిపోయింది.

లోపల బియ్యం చెరుగుతున్న అత్తగారు చేట ఆపకుండానే అన్నారు. "రాయడానికి భయమైతే ఉంచీ. ఉంటే అబద్ధం ఎలాగవుతాది?"

ఆ శనివారమే పిల్ల ఒక చిన్న మూటతో వచ్చింది. "వంటింటి గడప దాటకు. నూతి గిలక ముట్టకు. మిగతా ఇల్లంతా నీదే" అని అత్తగారు చెప్పారు. ఆ మాటలో అప్పుడు నాకు దయ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మంగళవారం నాడు పిల్లను వెంటబెట్టుకుని హైస్కూలుకు వెళ్ళాను. హెడ్మాస్టరు గారు నెమ్మదైన మనిషి. దరఖాస్తు తీసుకుని, నా సంతకం చూసి, కింద ఖాళీగా ఉన్న గడి దగ్గర కలం పెట్టారు.

"ఎన్నాళ్ళుగా మీ ఇంట్లో ఉంటోందమ్మా?"

"మొన్న శనివారం నుంచండి."

ఆయన కలం ఆగింది. పిల్ల వంక చూశారు, నా వంక చూశారు. "అంతకుముందు కూడా వస్తూ పోతూ ఉండే ఉంటుంది. ఉన్నట్టే కదా. కాస్త ఆలోచించి చెప్పండి."

ఆయన నాకు దారి చూపిస్తున్నారని ఆ క్షణంలోనే అర్థమైంది. "లేదండి. మొన్న శనివారమే" అన్నాను. స్వామి వింటున్నాడన్న ధైర్యంతో అన్నాను. కొంచెం గర్వంతో కూడా అన్నాను, ఇప్పుడు దాచుకోవడం దేనికి.

ఆయన దరఖాస్తు పక్కన పెట్టేశారు. "ఈ నిబంధన ఊరికే పెట్టలేదమ్మా. లోగడ చుట్టుపక్కల ఆసాముల పిల్లలే సీట్లన్నీ పట్టుకుపోయేవారు. ఈ పట్నంలో నేతవాళ్ళ పిల్లలకూ, బండి తోలేవాళ్ళ పిల్లలకూ చోటుండేది కాదు. వాళ్ళ కోసం గీసిన గీత ఇది. మీ పిల్ల దానికి అవతల పడింది. నేనేం చెయ్యను?"

తిరిగి వస్తుంటే పిల్ల అడిగింది. "పరీచ్చ ఎప్పుడమ్మగోరూ?"

లేదని చెప్పాను. గుడి మలుపు దగ్గర మళ్ళీ అడిగింది. "శనివారం అని సెప్పినారు కదా. అది తప్పు జవాబేటి?"

అది తప్పు కాదని చెప్పాను. మరి ఎందుకు రానివ్వలేదని అది అడగలేదు.

పది రోజులకు ఎంపికైన పిల్లల జాబితా బడి వరండా గోడకు అంటించారు. గుడి నుంచి వస్తూ నేనూ అత్తగారూ ఆగాం. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పక్కన వాళ్ళు ఉంటున్న ఇళ్ళు. నేను చదువుతున్నాను, ఆవిడ ఊరికే వింటున్నారు. ఒకచోట నా చెయ్యి పట్టుకున్నారు.

"మళ్ళీ సదువు. ఎవరిల్లన్నావు?"

బట్టల కొట్టు వాళ్ళ ఇల్లు.

"ఆ ఇంట్లో ఐదుగురే. ఆరో పొట్లం నానెప్పుడూ కట్టలేదు."

చివరిదాకా చదివించారు. అలాంటివి మూడు తేలాయి. మొదటివాడు ఎనిమిది మైళ్ళ అవతలి ఊరి రైసు మిల్లు ఆసామి కొడుకు. రెండోవాడు ఇంకో ఊరి కరణం మనవడు. మూడోది ఎవరో ఆడపిల్ల, నేతవీధిలో ఒక ఇంటి పేరు మీద ఉంది.

అత్తగారి ముఖం ఎర్రబడింది. "నిజమాడిన నీకు బయట, అబద్ధమాడినోళ్ళకి లోపలా? పద. ఇప్పుడే సెప్పీదాం."

హెడ్మాస్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి విన్నారు. జాబితాలో ఇక్కడ ఉండని పిల్లలున్నారని నేనే చెప్పాను. పేర్లు మాత్రం అత్తగారికి వదిలేశాను.

"చెప్పండమ్మా. కాని ఒకరిద్దరి ఇళ్ళకే మనిషిని పంపడం ధర్మం కాదు. ప్రతి ఇంటికీ పంపుతాను. లేనివాళ్ళ పేర్లు కొట్టేస్తాను. ఖాళీలొస్తే బయటి పిల్లలకు పరీక్ష పెట్టచ్చు. అందులో మొదటి పేరు మీ పిల్లదే."

మా పిల్ల సీటు అత్తగారి నోటి దగ్గర ఉంది.

అంతలో బయట వరండాలోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. గుమ్మంలోంచి చూస్తే మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఏ మెట్ట ఊరి నుంచో నడిచి వచ్చినట్టున్నాడు. పక్కన బక్కపల్చటి మనవరాలు.

"మా గుంట పేరు ఉన్నాదేటి బాబూ?" అని బంట్రోతును అడుగుతున్నాడు. ఎవరూ అడగకుండానే, "నేతీదిలోనే ఉంటన్నాది బాబూ. అక్కడే పడుకుంటాది, అక్కడే తింటాది" అని పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. బంట్రోతు ఉందనగానే ముసలాయన గోడ మీది ఆ కాగితాన్ని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

అత్తగారు అటు చాలాసేపు చూశారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"పొరపాటు బాబూ. మా కోడలికి ఈ ఊరింకా తెల్దు. అందరూ ఉన్నారు. నా సేత్తో పొట్లాలిచ్చినాను."

జీవితంలో ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. వీధిలోకి వచ్చాక, "అత్తయ్యా, మీరేనా?" అన్నాను.

"నోర్ముయ్యి. మిల్లోడి కొడుకుని తీయడానికి ఆ గుంటని కూడా గెంటీమంటావేటి?"

"మరి మన పిల్ల?"

ఆవిడ ఇంటి వైపు నడిచారు. ఆ శనివారం నేతవీధి ఇంటికి ఒక పొట్లం ఎక్కువ కట్టారు. "ఈయాల్టి నుంచి నెక్కలోకి వచ్చినాది" అని మాత్రం అన్నారు.

మర్నాడు కూరలావిడ వచ్చింది. దాచలేక జరిగిందంతా చెప్పేశాను. వంకాయలు ఏరుతున్న చెయ్యి ఆపింది.

"అయితే అత్తగోరు ఎరగని గుంట కోసం అబద్ధమాడీసినారు."

"అవును."

"మరి మీరు మా గుంట కోసం ఆడలేకపోనారేటి?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. స్వామికి అపచారమని ఏదో గొణిగాను.

"సామి ఏటీ అనుకోడమ్మగోరూ. ఆయనకి మా ఏరు తెల్దా?"

సత్యం వదిలెయ్యమని నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పను. నా నమ్మకం ఆనాటికన్నా గట్టిపడిందే కాని తగ్గలేదు. కాని ఆ రోజు హెడ్మాస్టరు గారి బల్ల ముందు నేను కాపాడుకున్నది సత్యాన్నేనా, లేక నా మడినా అని ఆ తర్వాత ఎన్నిసార్లు స్వామి ఎదుట కూర్చుని అడిగానో లెక్క లేదు. తడిబట్ట కట్టుకున్నవాళ్ళు ఎవరూ తగలకుండా పక్కకు ఒదిగి నడిచినట్టు నడిచాను. ఎవరికి తగలకుండా నడిచానో, ఆ పిల్ల వీధిలో మిగిలిపోయింది. గీత గీసినవాళ్ళు దుర్మార్గులు కారు. హెడ్మాస్టరు గారు కారు. ఆ గీత బీదపిల్లల కోసమే గీశారు. మోసంతో దాటగలిగినవాళ్ళు దాటారు. దాటలేని బీదపిల్ల ఒక్కతి అవతలే ఆగిపోయింది. దాటించగల మాట నా నోట ఉంది.

కూరలావిడ గంప ఎత్తుకుంటూ చెప్పింది. "గుంటని మీకాడే ఒగ్గీస్తన్నాను. ఆరు నెల్లు కాదు, ఏడాది ఉంటాది. వచ్చే జూనుకి నిజమైపోద్ది కదా."

అలా ఉండిపోయింది. పొద్దున్న గుడికి పూలు కోసి, మధ్యాహ్నం నా దగ్గర లెక్కలు చేసేది. ఇంగ్లీషు అక్షరాలు మావారు నేర్పారు. శ్రావణంలో ఏరు పొంగి పన్నెండు రోజులు రాకపోకలు ఆగిపోయాయి. రోజూ రేవుకు వెళ్ళి నిలబడేది. అవతలి ఒడ్డున తల్లి చెయ్యి ఎత్తి ఊపేది, ఇది ఊపేది. మాట ఇటు వినిపించేది కాదు. ధనుర్మాసం వచ్చేసరికి ఆ పిల్ల వంటింట్లో కూర్చుని అత్తగారికి పాటల పుస్తకం చదివి వినిపిస్తోంది. గడప దాటమని ఎవరు చెప్పారో, ఎప్పుడు దాటిందో నేను గమనించలేదు.

మళ్ళీ జూన్ వచ్చింది. ఏడాదిగా ఉంటోందని చెప్పాను, ఆయన రాసుకున్నారు. పరీక్ష రాసింది. జాబితాలో పైనుంచి మూడో పేరు. తల్లి ఆ రోజు గంపలో కూరలన్నీ వీధిలో ఊరికే పంచేసింది. "ఏటే, పెల్లి కుదిరినట్టు పంచేస్తన్నావు!" అని పక్కింటావిడ వేళాకోళమాడింది.

బడి తెరిచిన మొదటి రోజు సాయంత్రం అన్నం పెడుతూ, ఎలా ఉందని అడిగాను. బాగుందంది. బెంచీ మీద అందరికన్నా తనే పొడుగట. పక్కపిల్లలు వయసడిగారట.

"పన్నెండంటే, 'ఫెయిలయినావేటే?' అని నవ్వినారు."

"నువ్వేమన్నావు?"

"ఫెయిలవలేదు, ఆగినాను అని సెప్పినాను."

నేను చారు పోస్తున్నాను. అది తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ, "ఎందుకాగినావు అని కూడా అడిగినారు" అంది.

దానికి ఏం చెప్పిందో నేను అడగలేదు.