షట్టరు మార్చిన పూట

సత్యదుర్గారావు అమలాపురంలో ముప్పయ్యేళ్ళుగా కెమెరాలు బాగుచేస్తున్నాడు. కాలవల పక్క ఊళ్ళు కదా, ఆయన దగ్గరికొచ్చే వాటిలో సగానికి తేమే రోగం. లెన్సు లోపల బూజు అల్లుకుంటుంది. తక్కినవాటిని పెళ్ళిళ్ళు పాడుచేస్తాయి. మంగళస్నానాల పసుపునీళ్ళు బటన్ల సందుల్లోకి దిగి గట్టిపడిపోతాయి.

భార్య రత్నమాల పెద్దకార్యం అయిన మర్నాడే షాపు తీశాడు. ఆయనకి ఏడుపు రాలేదు. గుండె దిటవుగల మనిషి అనుకున్నారు చుట్టాలు. ఆయనకి మాత్రం కాళ్ళూ చేతులూ ఎవరివో అన్నట్టుంది.

పదింటికి కొత్తపేట నుంచి నాగసతీష్ వచ్చాడు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు.

"బాబాయిగారూ, ఫొటో కింద నల్లటి పట్టీ పడతందండి. ఎల్లుండే పెళ్ళి. ఇలాంటప్పుడు మిమ్మల్ని..."

"కూర్చో."

లెన్సు తీసి చూశాడు. షట్టరు రెక్క ఒకటి వంగిపోయి, పూర్తిగా తెరుచుకోవడం లేదు.

"ఎన్ని ఫొటోలు తీసుంటావు?"

"ఏడేళ్ళలో రెండు లక్షలు దాటేశాయండి."

"చాలావాటికి లక్షకే పోతుంది. బాగానే లాగింది."

కిందపడి స్క్రీను పగిలిన అదే రకం కెమెరా అలమరలో ఉంది. దాని షట్టరు వేద్దామని, నాగసతీష్ కెమెరా పైమూత విప్పాడు. బ్యాటరీ తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ మరిచిపోనివాడు ఆ పూట మరిచిపోయాడు. వేలు తగలగానే టప్‌మని మెరిసి, చెయ్యి ఎగిరి బల్లకి కొట్టుకుంది.

నాగసతీష్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఏవైందండీ?"

దుర్గారావు వేలు చూసుకున్నాడు. చివర తెల్లగా కాలింది. నొప్పి తెలియలేదు.

"ఇంటికెళ్ళిపోదాం రండి, దింపేస్తాను."

"ఇంట్లో ఏవుందయ్యా?"

కెపాసిటర్ ఖాళీ చేసి, షట్టరు మార్చి, ఎదురుగోడని ఇరవైసార్లు ఫొటో తీసి చూశాడు. పట్టీ పోయింది. తలెత్తేసరికి నాగసతీష్ హోటల్ నుంచి భోజనం పొట్లం తెచ్చి బల్లమీద పెడుతున్నాడు.

"రాత్రి ఏవన్నా తిన్నారాండి?"

"గుర్తులేదు."

అతను కదలకుండా ఎదురుగానే కూర్చున్నాడు. పప్పులో ఉప్పుందో లేదో తెలియకుండానే దుర్గారావు అంతా తినేశాడు.

ఆ పెళ్ళి ఫొటోలు బాగా వచ్చాయి. తర్వాత మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నాగసతీష్ మాత్రం మంగళవారం మంగళవారం వచ్చి షాపులో కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

నాలుగో మంగళవారం దుర్గారావు ఉన్నట్టుండి, "మీ పిన్ని పులస పులుసు బాగా పెట్టేదయ్యా," అన్నాడు.

"ఆయ్," అన్నాడు నాగసతీష్.

దుర్గారావు బూజు పట్టిన లెన్సొకటి దగ్గరికి లాక్కున్నాడు.