చోయ్జిల్ బండి మీది పాలచారలు

మా బావ చోయ్జిల్ ముప్పయ్యేళ్లుగా ఒకే బూడిదరంగు రష్యా వ్యాను నడుపుతున్నాడు. మా ఊరి నుంచి జిల్లా కేంద్రానికి నూట ఎనభై కిలోమీటర్లు. దారి అంటే దారేం కాదు, గడ్డి మీద ముందు వెళ్లినవాళ్ల చక్రాల గాట్లు. మా అక్కను పెళ్లాడిన రోజు అతనికి గుర్తుందో లేదో గాని, ఆ బండి కొన్న రోజు మాత్రం వాతావరణంతో సహా చెబుతాడు.

బావకు రెండు పట్టింపులున్నాయి. దారిలో "ఎప్పటికి చేరతాం?" అని ఎవరూ అడగకూడదు. అడిగితే బండి ఆగిపోతుందని మా డ్రైవర్లందరూ నమ్ముతారు. రెండోది, వాళ్లమ్మ చల్లిన పాలు బండి మీంచి తుడవకూడదు. ప్రయాణం చల్లగా సాగాలని బయల్దేరే బండి చక్రాల మీద ఇంటి పెద్దావిడ గరిటెతో పాలు చల్లటం మాలో ప్రతి ఇంటా ఉన్నదే. కాని బావ వాళ్లమ్మ యాంజ్మా అత్తయ్యకు మూడేళ్లుగా రెండు కళ్లలోనూ శుక్లాలు ముదురుతున్నాయి. చక్రమనుకుని ఆమె విసిరిన గరిటెడు పాలూ తిన్నగా బండి ముందు జాలీలోకి పోయేవి. పాలు తాగి మూతి తుడుచుకోని పిల్లాడిలా ఉండేది ఆ బండి. నేను నవ్వితే బావ గుడ్లురిమేవాడు.

మొన్న సెప్టెంబరు చివర రాజధాని నుంచి కంటి డాక్టర్లు జిల్లా ఆసుపత్రికి వచ్చారు. మంచు పడి కొండ కనుమ దారి మూసుకుపోవటంతో మేం బయల్దేరేసరికి ఆఖరి రోజే మిగిలింది. సాయంత్రం నాలుగు దాటితే ఎవరినీ చేర్చుకోరు. వాళ్లు మళ్లీ వచ్చేది రెండేళ్లకి. అప్పటికి అత్తయ్యకు పగలూ రాత్రీ ఒకటే అవుతాయని మా ఊరి నర్సు ముందే చెప్పింది.

పొద్దున ఏడింటికి అక్క పాలు చల్లి పంపింది. బండిలో బావ, అత్తయ్య, నేను. సగం దూరం వెళ్లేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆవిరి బుస్సుమంది.

"ఇప్పుడెట్లా బావా? ఇంక ఎప్పటికి..." అనబోయి నాలిక కరుచుకున్నాను.

"ఆగావేం? ఆ మాట కూడా అను, ఇంజను కూడా ఊడి పడుతుంది!" అన్నాడు బావ.

చల్లారేదాకా అరగంట ఆగి మూత తీశాడు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ అడుగంటింది. కారి ఎండిన చోట తెల్లటి మరక కడుతుంది, ఏ మెకానిక్కయినా దాన్ని బట్టే లీకు పట్టుకుంటాడు. ఇక్కడ రేడియేటరూ, పైపులూ, అడుగు రేకూ అంతా తెలుపే. మూడేళ్ల పాలు. కడిగి చూద్దామంటే ఉన్నవి పది లీటర్ల నీళ్లు, అవి రేడియేటర్‌లో పొయ్యాలి.

"వారం రోజుల్నించీ బండి కింద తడి చూస్తూనే ఉన్నాను. అమ్మ పాలేలే అనుకున్నాను," అన్నాడు బావ. ముప్పయ్యేళ్లుగా బండి నడిపే మనిషి ముఖం అంత చిన్నబోవటం నేనెప్పుడూ చూడలేదు.

అత్తయ్య చేతికర్ర నాకిచ్చి దగ్గరికొచ్చింది. "జరగరా. నా పాలు నాకు తెలీవా?"

చొక్కా చేతులు పైకి మడిచి ఇంజను సందులోకి చెయ్యి పెట్టింది. గోటితో గీకి, వాసన చూసి, మళ్లీ తడిమింది. "ఇది పాలే, పొడిపొడిగా రాలుతోంది. ఇదీ పాలే, పులుపు వాసన... ఇది మాత్రం నాది కాదురా. జిడ్డుగా జారుతోంది."

కింది హోస్ పైపు. క్లిప్పు బిగించిన చోట పైపు వెనకవైపు పగిలింది. కళ్లున్న మా ఇద్దరికీ అది కనబడే చోటే కాదు.

బావ క్లిప్పు విప్పి, పగిలినమేర రెండు వేళ్ల వెడల్పున పైపు కత్తితో కోసేశాడు. మిగిలింది లాగి ఎక్కిస్తే బొటాబొటిగా సరిపోయింది. క్లిప్పు బిగించి, పైన తీగ చుట్టి, నీళ్లు పోశాడు.

"చాలకపోతే ఫ్లాస్కులో టీ ఉందిరా," అంది అత్తయ్య.

"మన టీలో ఉప్పుంటుంది కదమ్మా, అది రేడియేటర్‌ను తినేస్తుంది. నువ్వే తాగు."

మిగతా దారంతా పదేసి కిలోమీటర్లకోసారి ఆగి పైపు తడిమి చూశాడు. గడియారం చూడాలనిపించి నా చెయ్యి నేనే జేబులో పెట్టుకున్నాను. నాలుగింటికి పది నిమిషాలుండగా ఆసుపత్రి గేట్లోకి వచ్చాం. రిజిస్టరు మూయబోతున్న నర్సు అత్తయ్యను చూసి మళ్లీ తెరిచింది. బావ ఆరుబయట రేడియేటర్ నీళ్లు దించుతూ నిలబడ్డాడు, రాత్రికి గడ్డకడితే అది పగులుతుంది కదా.

ఆ సాయంత్రమే అత్తయ్య కుడికంటికి ఆపరేషన్ చేసి, మర్నాడు కట్టు విప్పారు. బయటికి రాగానే అత్తయ్య బండి ముందు ఆగిపోయింది.

"ఆ తెలుపంతా ఏంట్రా?"

"నీ పాలేనమ్మా."

ఆమె వంగి చక్రాలు చూసింది. వాటి మీద మట్టి తప్ప ఏమీ లేదు. నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది నాకు.

"ఇన్నాళ్లూ చక్రాల మీదే పడుతున్నాయనుకున్నాన్రా. చెప్పలేదేం?"

"చెప్తే చల్లటం మానేసేదానివి," అని బావ రేడియేటర్‌లో మళ్లీ నీళ్లు పొయ్యటానికి బకెట్టు కోసం వెళ్లాడు.