ఏసమ్మ రాయించిన అర్జీ

అమృతలూరు చర్చి వీధిలో ఏసమ్మ ఇల్లూ, ఆమె ఆడపడుచు ఫ్లోరెన్స్ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. నలభై ఏళ్ళకి పైగా ఇద్దరూ ఒకే ముఠాలో నాట్లకీ కలుపులకీ వెళ్ళారు. ఒకే సద్ది విప్పుకుని తిన్నారు.

ఆధార్ కార్డుల కోసం బడిలో కెమెరా పెట్టిన రోజున వయసెంతని అడిగితే, ఏసమ్మ ఆరేళ్ళు తగ్గించి చెప్పింది. వరసలో వెనకే ఫ్లోరెన్స్ నిలబడి ఉంది. ఆమె వింటుండగా అసలు వయసు చెప్పబుద్ధి కాలేదు. ఆ లెక్కకి సరిపోయేలా మొగుడు ప్రభుదాసుకి కూడా తనకంటే ఒక్క ఏడాదే ఎక్కువ వేయించింది. ఫ్లోరెన్స్ మాత్రం మొగుడి వయసు తోచినంత చెప్పినా, తన వయసు తనకి తెలిసినంతలో సరిగ్గానే చెప్పింది.

ఆ తేడా ఏంటో, ఫ్లోరెన్స్‌కి పెన్షన్ వచ్చిన నెలలో ఏసమ్మకి తెలిసింది. కార్డు ప్రకారం ఆమెకి అరవై నిండాయి. ఏసమ్మ ఇంట్లో ఇద్దరికీ నిండలేదు.

ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి అజయ్ బాబు పొద్దున్నే వచ్చి, ఫ్లోరెన్స్ చేత వేలిముద్ర వేయించుకుని, నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్ళేవాడు. ఏసమ్మ ఆ వేళకి వీధి ఊడ్చే పని కూడా వాయిదా వేసి లోపలికి పోయేది. అయినా గోడ అవతలి మాటలు వినిపించేవి. ఫ్లోరెన్స్ కూలికి వెళ్ళడం తగ్గించింది. మోకాళ్ళకి మందులు కొనుక్కుంది. ఆదివారం చర్చికి కొత్త చీర కట్టుకొచ్చింది. ఆకుపచ్చ చీర, సన్న అంచు. ఆ రోజు పాస్టరుగారు ఏం బోధించారో ఏసమ్మకి ఒక్క ముక్క గుర్తులేదు.

తన పెళ్ళినాటికి ఫ్లోరెన్స్ లంగా జాకెట్టు వేసుకున్న బక్కపిల్ల. పన్నెండేళ్ళు ఉంటాయేమో అని మొదట అనుకునేది. తర్వాత తర్వాత పన్నెండేనని ఖాయం చేసుకుంది. అంత చిన్నదానికి అరవై ఎలా నిండుతాయి? నిద్రలేచినా అదే ఆలోచన, అన్నం ముందు కూర్చున్నా అదే. కంటి పరీక్షకని తెనాలి వెళ్ళిన రోజున, తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసే ఒకతని దగ్గర కూర్చుని, మొత్తం చెప్పి, ఫ్లోరెన్స్ వయసు అబద్ధమని రాయించింది. సంతకం పెట్టకుండా బాపట్ల కలెక్టరాఫీసుకి పోస్టులో వేసింది.

రెండు నెలలకి ఫ్లోరెన్స్ పెన్షన్ ఆగిపోయింది. వయసు మీద ఫిర్యాదు వచ్చిందని, రుజువు తెచ్చుకోవాలని అజయ్ బాబు చెప్పాడట. ఆ రోజు ఏసమ్మ కడుపునిండా అన్నం తింది.

పై నెల కూడా డబ్బు రాకపోయేసరికి, ఒక సాయంత్రం ఫ్లోరెన్స్ వచ్చి గుమ్మంలో కూర్చుంది. బాప్తిస్మాల పుస్తకం చూపించమని పాస్టరుగారిని అడిగానని, సోమవారం బాపట్ల కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలని, తోడు రమ్మని అడిగింది. కాదనడానికి ఏసమ్మకి కారణం దొరకలేదు.

పాస్టరుగారు బీరువాలోంచి పాత పుస్తకం తీశారు. పేరూ, తండ్రి పేరూ, తేదీ అన్నీ ఉన్నాయి. నెలల పిల్లగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. ఏసమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. తన పెళ్ళినాటికి ఫ్లోరెన్స్‌కి పదహారేళ్ళు. తనకంటే రెండేళ్ళే చిన్నది. తిండి చాలక ఎదగని పిల్ల, అంతే.

సోమవారం తెనాలి వెళ్ళి రైలెక్కి బాపట్ల చేరారు. ఆఫీసులో ఒక అధికారి పాస్టరుగారు రాసిచ్చిన కాగితం చూసి, ఇది సరిపోతుందని, ఆగిన నెలలది కూడా కలిపి వస్తుందని చెప్పారు. తర్వాత ఫైల్లో ఉన్న ఫిర్యాదు తీసి, ఇందులో వేరేలా ఉందే అంటూ పైకి చదివారు. "వాళ్ళన్న పెళ్ళిలో పీటల కింద పెట్టిన అరిసెలు దొంగిలించి తిన్న పిల్ల, అప్పటికి పన్నెండేళ్ళు."

ఆ అరిసెల సంగతి చూసింది పెళ్ళికూతురొక్కతే. ఫ్లోరెన్స్ తల తిప్పి ఏసమ్మని చూసింది.

తిరుగు రైల్లో పొన్నూరు దాటాక అంది. "నన్ను చూసి కళ్ళు కుట్టాయని మొహం మీదే చెప్పి పోట్లాడాల్సింది వదినా. మన ముఠాలో సుశీల రాసిందనుకుని నెలరోజులుగా ఆ మనిషి మొహం చూడలేదు నేను."

ఏసమ్మ చెప్పేసింది. "నీ చీర చూసి ఓర్వలేకపోయానే. అదే నిజం."

మర్నాడు పొద్దున ఎవరూ పంపకుండానే సుశీల ఇంటికి వెళ్ళి, రాయించింది తానేనని చెప్పింది. సుశీల లోపలికి రమ్మనలేదు. వీధిలో నిలబెట్టే మొత్తం విని తలుపేసుకుంది. వారానికి ఆ సంగతి ముఠా అంతా తెలిసింది. ఫ్లోరెన్స్ ఇంటి నుంచి ఇన్నేళ్ళుగా వచ్చే కూర గిన్నె ఆగిపోయింది.

దుగ్గిరాలలో పుట్టింటి వైపు చర్చి నుంచి ఏసమ్మ తన పుట్టిన తేదీ కాగితం కూడా తెచ్చుకుంది. కార్డులో వయసు మారింది. పెన్షన్‌కి దరఖాస్తు పెట్టింది, ఇంకా మంజూరు కాలేదు. ఒకటో తారీఖున గోడ అవతల అజయ్ బాబు మాట వినిపిస్తే ఇప్పటికీ ఆమెకి ఆ నాలుగు వేలే కళ్ళముందు కనిపిస్తాయి. కానీ లోపలికి పోవడం లేదు. వీధిలోనే ఉండి, ఊడుస్తూ వింటుంది.