లామినేషన్ చేయించిన క్లైమాక్స్

చేతిల చాయ్ కప్పుంటే కింద పెట్టి చదువుండ్రి, ఒలకబోసుకుంటే నాది పూచీ కాదు. ఉప్పుగూడల ఇన్ని కాపురాలున్నా, పైసలిచ్చి కొన్న సినిమాను నిండు ప్రాణంతో పాతిపెట్టిన మొనగాణ్ని నేనొక్కణ్నే. తలుచుకుంటే ఇప్పటికీ నడుము గుంజుతది.

కొన్నేండ్ల కింద నాకు డిస్కుల పిచ్చి పట్టింది. పాత సినిమాలను కడిగి, తుడిచి, పెండ్లికొడుకు లెక్క డబ్బాల కూసోబెట్టి అమ్మేటోళ్లు. నేనూ ఒకటి కొన్న. డిస్కుతో పాటు ఒక చీటీ. దాని మీది వెండి పూత గీకితే కోడ్. ఆ కోడ్ కొడితే అదే సినిమా ఫోన్ల, టీవీల, యాడంటే ఆడ! డిజిటల్ కాపీ అన్నట్టు. "ఇంకా ప్లేయరెందుకు?" అని ఉన్న ప్లేయర్‌ను పాత సామాన్ల బండికి దానం చేసిన.

సినిమా మాత్రం చూడలే. కొన్న వస్తువును వాడి ఖరాబు చేసే అలవాటు మా వంశంల లేదు.

మరి చీటీ చినిగితే? మా ఇంట్ల విలువైన కాగితం ఏదైనా లామినేషన్ కావాల్సిందే. టెన్త్ మెమో, రేషన్ కార్డు, ఆఖరికి మా పెండ్లి పత్రిక కూడ అయింది. చీటీ పట్టుకొని శాలిబండల యూసుఫ్ భాయ్ దుకాణానికి ఉరికిన.

"పక్కా కామ్ అన్నా! ఏనుగు తొక్కినా ఏం కాదు," అని వేడివేడిగ చేతిల పెట్టిండు.

గిట్ల నేను నిశ్చింతగ ఉండంగ, మా మామ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నడు. బండెడు కట్టుతో మా ఇంట్ల మంచమెక్కిండు. ఎక్కుడెక్కుడే నా డిస్కు సంగతి తీసిండు.

"అల్లుడా, ఆ సినిమా నా పడుచుతనంల చూసిన. సరిగ్గ క్లైమాక్స్ ముంగట హాల్ల కరెంటు పోయింది. మళ్ల రాలే. హీరో వాళ్లమ్మను కలిసిండో లేదో నాకు నేటికీ ఎరుకలే. అదొక్కటి చూపియ్యి, ఈ కాలునొప్పి నాకు లెక్కనే కాదు."

"గదెంత పని మామా! చిటికెల పెడుత."

చీటీ తీసిన. గోటితో గీకిన. తాళంచెవితో గీకిన. నా భార్య సుజాత వచ్చి నిలబడ్డది.

"ఏం జేస్తున్నరు?"

"కోడ్ తీస్తున్న."

"ప్లాస్టిక్ మీదనా?"

నా చేతిల తాళంచెవి గుంజుకొని లోపలికి పోయింది.

మళ్ల శాలిబండ. మళ్ల యూసుఫ్ భాయ్.

"భాయ్, దీన్ని ఊడదియ్యి."

"నేను చేసింది ఊడుతదా అన్నా? నా దుకాణం పరువేం గావాలె?"

బతిమాలంగ బతిమాలంగ బ్లేడ్ పట్టిండు. ప్లాస్టిక్ లేచింది. ప్లాస్టిక్‌తో వెండి పూత లేచింది, దాంతో కోడ్ కూడ లేచింది. చేతిల మిగిలిన కాగితం ఉతికిన ధోవతి లెక్క తెల్లగున్నది.

"సాఫ్ నికల్‌గయా అన్నా, నున్నగ ఊడొచ్చింది!" అన్నడు యూసుఫ్ భాయ్, మస్తు ఖుషీగ.

ఇంటికొచ్చి మామకు మొకం చూపెట్టలేక తలుపు కాడనే నిలబడి, కోడ్ పోయిందని, డిస్కు పెట్టెతందుకు ప్లేయర్ గూడ లేదని చెప్పిన.

"పోతే పోనీ, ఫికర్ చెయ్యకు. సినిమా అంతా నేనే చెప్త. చివర మాత్రం నువ్వు చెప్పు, నీ దగ్గర డిస్కుండె గదా, చూసే ఉంటవు," అన్నడు మామ.

చూడలేదని చెప్పే ధైర్యం నాకు లేకపాయె. ఇగ మొదలువెట్టిండు. పాటలు పాడిండు, ఫైట్లకు దిండును గుద్దిండు, విలన్ నవ్వు నవ్వితే పక్కింటోళ్లు కిటికీలు మూసుకున్నరు. ఇంటర్వెల్‌ల నాతోనే చాయ్ పెట్టిచ్చుకున్నడు. పొద్దుగూకింది. నా ఒళ్లు పిండిన బట్టయింది.

"గిక్కడ కరెంటు పోయింది. ఇగ చెప్పు అల్లుడా!"

ఆలోచించే ఓపిక నా దగ్గర రవ్వంత లేదు. అందర్నీ ఒక్క జీపెక్కించి లోయల పడేసిన.

మామ చేతిలకెళ్లి దిండు జారింది. "హీరో తల్లి గూడనా?"

"ఆమె ముందు సీట్లనే కూసున్నది మామా."

మామ దిండు పక్కకు నూకిండు. రెండు చేతులెత్తి దండం పెట్టిండు.

"గిసొంటి దరిద్రపు క్లైమాక్స్ కోసమా నేను ఇన్నేండ్లు తండ్లాడింది? ఆనాడు కరెంటు తీసిన మారాజు యాడున్నడో, సల్లగుండాలె!"

అని, గోడ దిక్కు తిరిగి గురక వెట్టిండు.

కాబట్టి మహాజనులారా, ఆ మంచం కోడు పట్టుకొని ప్రమాణం చేసిన: ప్రాణం పోయేంత అలసిపోయినా సరే, ఇగ ఈ జన్మల ఎవరి తల్లినీ జీపెక్కియ్య.