ఫిర్దౌస్ కవితకు అమ్మ జవాబు

పటమటలో మా పక్కింటి ఫిర్దౌస్ బట్టల కొట్టులో పనిచేస్తుంది. ఆదివారాలు కాఫీ హోటల్లో మైకు ముందు నిలబడి, ఛందస్సూ ప్రాసా లేని కవిత్వం చెబుతుంది. మొన్న తొలిసారి వాళ్లమ్మ దిల్షాద్ బేగం వినడానికి వచ్చింది. ఆమెకు నచ్చకపోతే ఇక మైకు ముట్టనని ఫిర్దౌస్ మాటిచ్చింది.

"నా నవ్వు వీధిలోకి వినపడకూడదంటుంది మా అమ్మీ" అని ఫిర్దౌస్ మొదలుపెట్టింది.

"నేనెప్పుడన్నానే? తలుపేసుకుని నవ్వమన్నా" అంది దిల్షాద్ కుర్చీలోంచే.

ఫిర్దౌస్ తడబడలేదు. "తలుపేస్తే నవ్వుకి ఊపిరాడదమ్మీ."

"అయితే కిటికీ తీసుకో."

హోటలంతా కొట్టిన చప్పట్లకు ఊరి చివరి బ్యారేజీ గేట్లు వాటంతటవే లేచాయి. మా మనవరాలు నమ్మదు. కాన్వెంటులో చేతులు కట్టుకుని పద్యాలు అప్పజెప్పినవాణ్ణి; కవిత్వానికి ఎదురు చెప్పొచ్చని ఈ వయసులో చూపించిన ఆ తల్లీకూతుళ్లకు నేను రుణపడ్డాను.

"ఆగిపోయావేం? చెప్పు" అంది దిల్షాద్. "వచ్చే ఆదివారం మీ నానీని, అదే మా అమ్మని కూడా తీసుకొస్తా. ఆవిడ నోరు నాకంటే పెద్దది."